ఒకే కాలవ మనుషులు

సత్తెనపల్లి బస్సులో ఒకతను సీటు కింద నుంచి పార బయటికి లాగినప్పుడు నాకు మొదట భయం వేసింది. పిల్లలిద్దర్నీ ఒళ్లోకి లాక్కున్నాను.

"నా మిరపచేనుకి రావాల్సిన నీళ్లు మళ్లించుకుంటావట్రా?" అంటూ ముందు సీటతని మీదికి వెళ్లాడు.

"నీ వంతప్పుడు నిద్రపోయింది నువ్వేగా," అన్నాడా రెండో రైతు.

నా పక్కనున్న ముసలి ఇంగ్లీషు మేష్టారు లేచి పార మీద చెయ్యి వేశారు. "కూర్చోవయ్యా, పసిపిల్లలున్నారు."

అతను కూర్చున్నాడు గానీ పార వదల్లేదు.

"రైవల్ అనే మాట లాటిన్ నుంచి వచ్చిందమ్మా," అన్నారు మేష్టారు అలసటగా. "ఒకే కాలవ నీళ్లు వాడుకునేవాడని అర్థం. ప్రత్యర్థి అనే అర్థం తర్వాత వచ్చింది."

రైతులిద్దరూ ఒకే స్టాపులో దిగి, పక్కనే ఉన్న కాలవగట్టు ఎక్కారు.

మర్నాడు పొద్దున్నే పిల్లలు, "వాళ్లు కొట్టుకున్నారా అమ్మా?" అని అడిగారు.

"తెలియదు నాన్నా. ఇద్దరి చేలకీ దారి ఆ కాలవగట్టే," అన్నాను.