సోలార్ సెల్లుకు కుంకుమ బొట్టు

నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్న రోజులవి. పాలిమర్‌తో సోలార్ సెల్లులు చేయడం నా పని. పాలిమర్ ద్రావణంలో మరో ద్రవం కొద్ది చుక్కలు కలిపితే, అది నిదానంగా ఆరుతూ పొరను చక్కగా కుదురుకోనిస్తుంది. కరెంటు ఎక్కువొస్తుంది. ఆ ద్రవాన్ని ఎడిటివ్ అంటాం. నెలల తరబడి ఏడిపించాక ఒక్క సెల్ బాగా వచ్చింది.

దసరా మర్నాడు సిరిసిల్ల నుంచి మా బాపు ల్యాబ్‌కు వచ్చాడు. ఆయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తాడు. నేను మంచినీళ్లు తెచ్చేలోపు, పండుగకు సాంచాలకు పెట్టినట్టే, టేబుల్ మీదున్న నా సెల్లుకు తడి కుంకుమతో బొట్టు పెట్టేశాడు.

"నీ సాంచా గిదే గద బిడ్డా, బొట్టు లేకుంటె ఎట్ల?"

అంతలో మా గైడ్ వచ్చాడు. పాడైన సెల్లు చూసి తిట్టలేదు. స్కాలర్లందరినీ పిలిచాడు.

"రండి, కొత్త ఎడిటివ్ కనిపెట్టారు! పెద్దాయనా, ఇంకో చుక్క వేయండి, కరెంటు పెరుగుతుంది."

అందరూ పగలబడి నవ్వారు. బాపు మొహం వెలిగిపోయింది. తనూ నవ్వుతూ, భక్తిగా ఇంకో బొట్టు పెట్టాడు.

ఆ సారు తిట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

"మా బిడ్డ సారు మస్తు మంచోడు, నేను బొట్టు పెడితె గంత సంబురపడ్డడు" అని బాపు వాడకట్టంతా చెప్పుకున్నాడు. ఇప్పటికీ ప్రతి దసరాకూ సారు కోసం వేరుగా కుంకుమ పొట్లం పంపుతాడు. ఆ పొట్లాలన్నీ నా సొరుగులోనే ఉన్నాయి.

"సారుకు ముట్టిందా బిడ్డా?"

"ముట్టింది బాపూ. కండ్లకద్దుకున్నడు."