సైరన్ పెట్టె ఇచ్చిన జవాబు

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. మా నాన్న రైల్వే ఉద్యోగి. శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ వచ్చి క్వార్టర్స్‌లో స్థిరపడ్డారు. లైను మీది సొరంగాల గురించి ఆయన తోటివాళ్ళు ఎన్నో చెప్పుకునేవారు. నేను ఒక్కటీ నమ్మలేదు. నా పనీ అలాంటిదే. యంత్రం జవాబిచ్చిందంటే దానికి కరెంటు ఉంది, లోపల ప్రోగ్రాం నడుస్తోంది. అవి లేకపోతే జవాబు లేదు. ఇప్పటికీ నా నమ్మకం అదే, ఒక్క మధ్యాహ్నం తప్ప.

అప్పట్లో కిరండూల్‌కి కొంత దూరంలో ఒక చిన్న ఇనుప గనిలో, కాంట్రాక్టరు కింద నెట్‌వర్క్ పని చూసేవాణ్ణి. రోజూ రెండింటికి బ్లాస్టింగ్. ముందు కొండవాలు మీది సైరన్ మోగాలి. అది మోగకపోతే పేల్చకూడదు. సైరన్ స్తంభానికి ఒక ఇనప పెట్టె. అందులో సోలార్ బ్యాటరీ, చిన్న కార్డు. వైఫై కూడా ఆ కార్డుదే. ఆఫీసు నుంచి రిక్వెస్ట్ పంపితే, బాగుంటే 200 అని జవాబిస్తుంది. ఇబ్బంది ఉంటే 503, అంటే ఇప్పుడు కుదరదని. దానికి తెలిసిన జవాబులు ఆ రెండే. ప్రోగ్రాం రాసింది నేనే.

ఆ రోజు ముసురు. ముందు రాత్రి పిడుగులు పడ్డాయి. గనిలో మెట్లుగా తవ్విన పై బెంచీలు బాగానే కనిపిస్తున్నాయి కానీ కింద అడవంతా మంచు. ఒంటిగంట పదికి అలవాటుగా పరీక్షించాను. 503 వచ్చింది. పక్కన ఒక అంకె, 3300.

ఆ అంకె నేను రాసింది కాదు. రెండు నిమిషాల తర్వాత మళ్ళీ అడిగాను. 503, 3180. సెకన్లు లెక్కపెడుతోందని అర్థమైంది. మూడోసారి అడిగినప్పుడు చేతి గడియారంతో సరిచూశాను. సెకను తేడా లేదు.

మొదట భయం వేయలేదు, చిరాకు వేసింది. కంప్యూటర్ పాత జవాబునే చూపిస్తోందేమోనని అన్నీ చెరిపేశాను. అదే అడ్రసుతో ఇంకో యంత్రం ఉందేమోనని వెతికాను. లేదు. వేరే ల్యాప్‌టాప్‌తో అడిగినా అదే లెక్క, అక్కడి నుంచే దిగుతోంది. బ్లాస్టింగ్ ఆఫీసరు తొందరపెడుతున్నాడు. కొండెక్కి చూస్తానని ల్యాప్‌టాప్ తీసుకుని బయలుదేరాను. గార్డు లచ్చయ్య తోడొచ్చాడు. కొంటా వైపు మనిషి, దోర్లా తెగవాడు, యాభై దాటినవాడు.

జీపు సగం వరకే పోతుంది. తర్వాత నడక. పెట్టె దగ్గరకు చేరేసరికి ఒంటిగంటా యాభై ఐదు. ల్యాప్‌టాప్ తెరిచి అడిగాను. 600.

పెట్టె తలుపు తీశాను. కాలిన వాసన కొట్టింది. బ్యాటరీ ఉబ్బి పగిలిపోయింది. వైర్లు కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి. కార్డు సగం నల్లగా మాడిపోయింది. ఒక్క లైటూ వెలగడం లేదు. మీటరు పెట్టి చూశాను, సున్నా.

వైఫై పేరు మాత్రం ల్యాప్‌టాప్ మీద అలాగే ఉంది.

కార్డు ఊడబెరికాను. దాన్ని ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో మళ్ళీ అడిగాను. 503, 420.

లచ్చయ్య నా మొహం చూసి, "ఏంది సారూ, గట్ల చెమట పట్టింది?" అన్నాడు. పెట్టె ఖాళీగా ఉందని, అయినా మాట్లాడుతోందని చెప్పాను. ఒక అడుగు వెనక్కి వేశాడు. "దాన్ని ఇంక అడగకు సారూ. దిగిపోదాం పా," అన్నాడు.

దిగిపోవాలనే ఉంది, కానీ దిగలేదు. ఆ అంకె సున్నాకి వస్తే ఏమవుతుందోనన్న భయం ఒకటి, చూడకుండా వెళ్ళిపోతే ఇంకా ఘోరమేదో జరుగుతుందన్న భయం ఒకటి. నిమిషానికోసారి అడుగుతూనే ఉన్నాను. 300. 120. 60.

అప్పుడు కింద మంచులోంచి ఎవరో పైకి వస్తూ కనిపించారు. మేం నిలబడ్డ చోటికి ఆవల, రాళ్ళు వచ్చిపడే వాలు అది. ముసలామె. నెత్తిన బుట్ట, అందులో పుట్టగొడుగులు. గార్డులున్న దారిన కాకుండా వాగు వెంట ఎక్కి వచ్చింది. లచ్చయ్య గట్టిగా అరిచాడు. ఆమె తలెత్తలేదు.

"బుధరి, సారూ! పుట్టు చెవిటిది. సైరన్ మోగినా ఇనబడదు," అంటూ పరుగెత్తి, చెయ్యి పట్టుకుని మా వైపు లాక్కొచ్చాడు.

వాళ్ళు ప్రమాద హద్దుకు పాతిన ఎర్రజెండా దాటి ఇవతలికి వచ్చారు. నేను మళ్ళీ అడిగాను. 200.

మరుక్షణం నా తల మీద సైరన్ మోగింది.

కార్డు నా చేతిలోనే ఉంది. నేనూ లచ్చయ్యా తలెత్తి సైరన్ వైపే చూస్తున్నాం. బుధరి ఒక్కతే ఏమీ తెలియక మా ఇద్దరినీ వింతగా చూస్తోంది. వాకీటాకీలో ఆఫీసరు గొంతు. "బన్ గయా నా? షాబాష్. అబ్ నీచే ఆ జావ్." బాగు చేసేశావుగా, ఇక దిగిరా అంటున్నాడు. ఆఫీసులో అందరూ సైరన్ విన్నారు.

ఆ రోజు పేల్చొద్దని బతిమాలాను. కారణం అడిగితే బుధరి వాలు మీదికి వచ్చిందన్నాను, కార్డు సంగతి చెప్పలేదు. తర్వాత ఆ కార్డును విశాఖలో తెలిసిన మెకానిక్‌కి చూపిస్తే, పిడుగుకి పూర్తిగా కాలిపోయింది, ఇంక పనికిరాదన్నాడు. నెల తిరక్కుండా ఆ పని మానేశాను.

మానేసేముందు లచ్చయ్యతో కలిసి బుధరి ఊరికి వెళ్ళాను. ఆమె కోడలు గోండీలో చెబితే అతను తెలుగులో చెప్పాడు. ఆ రోజు అంగన్‌వాడీ నుంచి మనవరాలిని తెచ్చింది బుధరేనట. పిల్లల్ని వదిలేది ఒంటిగంటన్నరకు. పిల్లను ఇంట్లో దింపాక, పుట్టగొడుగులకు వెళ్ళాలని అప్పటికప్పుడు అనిపించి బుట్ట తీసుకుందట.

నాకు మొదటి జవాబు వచ్చింది ఒంటిగంట పదికి. కొండెక్కాలన్న ఆలోచన అప్పటికి ఆమెకే లేదు. ఆమె వచ్చే క్షణాన్ని సెకన్లతో సహా లెక్కగట్టింది ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. ఓ ప్రాణం దక్కిందని సంతోషించమంటుంది మా ఆవిడ. సంతోషమే. కానీ ఏదైనా యంత్రం నుంచి నేను రాయని అంకె ఒకటి వస్తే, ఇప్పటికీ ఒళ్ళు చల్లబడిపోతుంది.