పులిహోర డబ్బాతో సముద్రానికి

ఆ రోజుల్లో మా పర్చూరు వైపు మనిషి ఊరు దాటాడంటే దానికి చెప్పుకోదగ్గ కారణం ఒకటి ఉండాలి. పెళ్లో, చావో, కోర్టు వాయిదానో, పొగాకు వేలమో, కాదంటే ఏ దేవుడికో మొక్కుకున్న తలనీలాలో. ఊరికే చూసి రావడానికి వెళ్లడమనేది మాకు తెలియని విద్య. విహారయాత్ర అనే మాట తెలుగు వాచకంలో ఉండేది. దాని మీద వ్యాసం రాసి పదికి ఏడు మార్కులు కూడా తెచ్చుకున్నాను (మా తెలుగు మాస్టారు ఏడుకి మించి దేవుడికి కూడా వేసేవారు కాదు). కానీ ఆ పని నిజంగా చేసిన మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. అలాంటి చోట మొట్టమొదటి విహారయాత్ర చేసిన ఘనత మా కుటుంబానిదే. ఆ ఘనతని మేము ఇన్నేళ్లూ ఎవరి దగ్గరా చెప్పుకోలేదు. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

దీనికంతటికీ మూలం ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండరు. అందులో ఫిబ్రవరి పేజీ మీద పచ్చటి కొండలు, తెల్లటి గొర్రెలు, వాటి మధ్య సన్నటి దారి, ఆ దారిలో సైకిళ్ల మీద పోతున్న భార్యాభర్తలూ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. కింద చిన్న అక్షరాలతో స్కాట్లండ్ అని రాసి ఉంది. మా నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ బొమ్మ ముందు నిలబడి వారం రోజులు చూశాడు. ఎనిమిదో రోజు తేల్చేశాడు. "వాళ్లు నలుగురు. తాతయ్యని తీసేస్తే మనమూ నలుగురం. వాళ్లకి సైకిళ్లున్నాయి, మనకీ ఉన్నాయి. వాళ్లకి కొండలున్నాయి, మనకి లేవు. అంటే తొక్కడం మనకే తేలిక. ఇంక తేడా ఏముంది?" అన్నాడు. తాతయ్య అరుగు మీద నుంచి, "నన్ను తీసెయ్యండిరా, గేదెని నేను చూసుకుంటా" అని సంతోషంగా తప్పుకున్నాడు.

అసలు సంగతి మాత్రం అమ్మది. మాకు సముద్రం పెద్ద దూరం కాదు, చీరాల పక్కనే ఉంది. అయినా నలభై ఏళ్లొచ్చినా అమ్మ సముద్రం చూడలేదు. చీరాల వెళ్లలేదని కాదు, లెక్కలేనన్నిసార్లు వెళ్లింది. అక్కడ మా బంధువులు వీధికొకరు ఉన్నారు. ఏ శుభకార్యానికి వెళ్లినా రిక్షా దిగీ దిగకముందే, "వచ్చావా తల్లీ, కాస్త ఆ పప్పు సంగతి చూడు" అనేవారు. అంతే, అమ్మ కొంగు దోపుకుని వంటింట్లోకి వెళ్లేది, తిరుగు బస్సుకి బయటికొచ్చేది. ఎవరైనా గుర్తుచేస్తే, "ఈసారి చూద్దువులే, సముద్రం ఎక్కడికి పోతుంది" అని అందరూ నవ్వేవారు. అమ్మా నవ్వేది. కానీ చీరాల నుంచి ఎవరొచ్చినా మెల్లిగా, "అలలు వస్తూనే ఉంటాయా, మధ్యలో ఆగవా?" అని అడిగేది. ఒకసారి ఆ ప్రశ్న నాన్న చెవిన పడింది. ఆ తర్వాతే ఆయన క్యాలెండరు చూడటం మొదలుపెట్టాడని మా అక్క వాదన.

"కొత్తపట్నం వెళ్దాం" అన్నాడు నాన్న. అది చీరాలకి రెండింతలు దూరం, ఒంగోలు దాటి వెళ్లాలి. "దగ్గర సముద్రం వదిలేసి దూరం సముద్రానికి ఎందుకండీ?" అంది అమ్మ. "చీరాలలో మనకి పదకొండు ఇళ్లున్నాయి. కొత్తపట్నంలో ఒక్కటీ లేదు" అన్నాడు నాన్న. రాత్రికి ఒంగోల్లో లాడ్జి, మర్నాడు సముద్రం. దారిలో తెలిసినవాళ్ల ఇంటి ముందు మంచినీళ్లకి కూడా ఆగకూడదు. ఈ చివరి నియమం విని అమ్మ "పాపం, ఏమనుకుంటారండీ" అంది. కాసేపయ్యాక మళ్లీ వచ్చి, "నిజంగానే ఆగమా?" అని అడిగింది.

ఫిబ్రవరిలో రెండో శనివారం పొద్దున్నే బయల్దేరాం. నాన్న సైకిలు వెనక క్యారియర్ మీద మడతపెట్టిన దుప్పటి, దాని మీద అమ్మ. అక్క తన కాలేజీ సైకిలు మీద. పదమూడేళ్ల నేను అద్దె సైకిలు మీద (దాని సీటు ఎటు కావాలంటే అటు తిరిగేది, నాకు కావలసిన వైపు తప్ప). ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి. నాన్న మూడు రోజుల కిందటే తిరుపతి వెళ్లొచ్చాడు, కాబట్టి నున్నటి గుండు. ఎండకి మంచిదని తెల్ల పంచె, తెల్ల చొక్కా వేసుకున్నాడు. రెండోది పులిహోర. అమ్మ దాన్ని గుండ్రటి ఇత్తడి డబ్బాలో పెట్టి, మూత వదులని కొత్త తెల్ల తువ్వాలు చుట్టి, పైన ముడివేసి నాన్న సైకిలు హ్యాండిలుకి వేలాడదీసింది. "చీమలు పడతాయి, ఎక్కడా కింద మాత్రం పెట్టకండి" అని గట్టిగా చెప్పింది.

ఇంకొల్లు దాటేలోపే మమ్మల్ని తొమ్మిదిమంది ఆపారు. "ఏం మాస్టారూ, ఎవరింటికి?" "ఎవరింటికీ కాదు." "మరి?" "ఊరికే, సముద్రం చూడ్డానికి." ఈ జవాబు ఎవరికీ గొంతు దిగలేదు. "చెప్పకూడనిదైతే వద్దులెండి" అని ఒకాయన నొచ్చుకున్నాడు. "అమ్మాయికి సంబంధమా?" అని ఇంకొకాయన అక్క వైపు చూశాడు. ముగ్గురు మాత్రం సైకిలు హ్యాండిలు పట్టుకుని కాఫీ తాగితేగాని వదల్లేదు. ఆ మూడిళ్లలోనూ అమ్మ అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్లి గ్లాసులు కడిగి వచ్చింది. పది దాటింది. ఇలా అయితే సాయంత్రానికి ఒంగోలు కూడా చేరమని నాన్న మొహంలో తెలుస్తూనే ఉంది.

అప్పుడొచ్చింది మలుపు. రోడ్డు పక్క టీకొట్టు దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి లేచి నిలబడి, తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "ఎటు నాయనా?" అన్నాడు. "కొత్తపట్నం, సముద్రానికి" అన్నాడు నాన్న. పెద్దాయన నాన్న గుండు చూశాడు, తెల్లటి మూట చూశాడు, తల అడ్డంగా తిప్పాడు. "అస్థికలు కలపడానికా? పాపం. పోండి నాయనా, పోండి. ఆ పని మీద పోయేవాళ్లని ఆపకూడదు" అన్నాడు. కాదని చెప్పడానికి నాన్న నోరు తెరిచాడు. 'ఆపకూడదు' అన్న మాట చెవిన పడ్డాక మూసేశాడు. అస్థికలతో వెళ్లేవాళ్లు ఎవరి గడపా తొక్కరు, వాళ్లని ఎవరూ ఇంట్లోకి రమ్మనరు. ఈ సంగతి మాకంటే మా ప్రాంతమంతటికీ బాగా తెలుసు.

ఇక ఆ తర్వాత మా ప్రయాణం చూడాలి. ఊళ్లకి ఊళ్లు దాటిపోతున్నాం. ట్రాక్టర్లు పక్కకి తప్పుకున్నాయి. కాఫీ లేదు, సంబంధం లేదు. "నేనేమీ అబద్ధం చెప్పలేదు. వాళ్లనుకున్నారు, నేను కాదనలేదు" అన్నాడు నాన్న, బడిలో పిల్లలకి నీతి చెప్పే గొంతుతోనే. "మరి తాతయ్య?" అంది అక్క. "తాతయ్యకేం, దుక్కలా ఉన్నాడు" అన్నాడు. అమ్మ క్యారియర్ మీదే కూర్చుని, "అపచారం, అపచారం" అని లెంపలేసుకుంది. రెండో ఊరు కూడా ఎవరూ ఆపకుండా దాటేసరికి లెంపలేసుకోవడం మానేసింది.

చిక్కు ఆకలితో వచ్చింది. కాఫీలు ఎప్పుడో అరిగిపోయాయి. పులిహోర ఘుమఘుమలు ముందు నాన్నకీ, గాలివాటుగా వెనక మాకూ తగులుతున్నాయి. కానీ విప్పేదెక్కడ? చేలల్లో పత్తి తీసే కూలీలు, రోడ్డుకి రెండువైపులా ఎర్రగా ఆరబోసిన మిరపకాయల కల్లాలు, ఎక్కడ చూసినా మనుషులే. ఒక కల్లం పక్క నుంచి పోతుంటే మిరప ఘాటుకి నలుగురికీ ఒకేసారి కళ్లలోంచి ముక్కుల్లోంచి ధార కట్టింది. సైకిళ్లు ఆపక తప్పలేదు. కాయలు తిరగేస్తున్న ఒక ముసలావిడ నాన్న గుండూ, తెల్ల మూటా చూసి పరుగున వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఏడవమాకమ్మా, ఏడవమాక. పిల్లలు చూడు ఎట్టా కుమిలిపోతన్నారో" అని తనూ కళ్లొత్తుకుంది. అమ్మ ఏదో చెప్పబోయి తుమ్మింది. నేను నవ్వు ఆపుకోలేక మొహం చేతుల్లో దాచుకుంటే, ఆవిడ నా వీపు నిమిరి, "ఈ పిల్లకి తాతంటే ప్రాణం కాబోలు" అంది.

అక్కణ్ణించి రెండు చేలు దాటాక, రోడ్డుకి దూరంగా ఒక వేపచెట్టు దొరికింది. చుట్టూ చూశాం, ఎవరూ లేరు. నాన్న మూట విప్పాడు. ఆకులు వేసుకునే ఓపిక కూడా ఎవరికీ లేకపోయింది. నాలుగు చేతులూ ఒకేసారి డబ్బాలోకి వెళ్లాయి. నాన్న రెండో పిడికెడు నోట్లో పెట్టుకుని వేళ్లు నాకుతుండగా వెనక ధబ్బుమని చప్పుడైంది. చూస్తే, ఆ ముసలావిడ. పస్తుతో పోతున్నామని జాలిపడి మజ్జిగ తెచ్చింది. మజ్జిగ నేలపాలైంది. ఆవిడ రెండు చేతులూ గుండెల మీదికి పోయాయి. "ఓరి నాయనో! తండ్రిని తింటన్నాడ్రో!" అని పెట్టిన కేక మిరప కల్లం దాకా వినిపించే ఉంటుంది.

"పులిహోరమ్మా! పులిహోర!" అని నాన్న నిండు నోటితో డబ్బా ఎత్తి చూపించాడు. ఆవిడ నాలుగడుగుల దూరం నుంచే వాసన చూసింది. ఇంకో అడుగు వేసి తొంగిచూసింది. "ఇంగువ కూడా ఏశారే" అంది. తర్వాత చెట్టు మొదట్లో కూలబడి, పమిట నోట్లో కుక్కుకుని ఎంతసేపు నవ్విందో చెప్పలేను. మా వంతు సిగ్గుపడటం మేము పడ్డాం. నవ్వడం అయ్యాక ఆవిడ అమ్మని, "ఇంతకీ ఎవరమ్మాయివే?" అని అడిగింది. ఇక చెప్పేదేముంది. రెండు నిమిషాల్లో చీరాలలో మా పదకొండు ఇళ్లలో నాలుగో ఇంటి కోడలు ఆవిడ ఆడపడుచు కూతురని తేలింది. "అయితే నీకు పిన్నినవుతా. పదండి ఇంటికి. కోడిని కోయిస్తా. కూలోళ్లకి అన్నం వండాల, నువ్వూ ఓ చెయ్యేద్దువుగాని. రేపు పోదురులే, సముద్రం యాడికి పోద్ది?" అంది.

ఆ మాట వినగానే నాన్న మొహం పాలిపోయింది. ఇవాళ ఇక్కడ ఉండిపోతే రేపటికి ఒంగోలు, ఎల్లుండి సోమవారం బడి. సముద్రం ఇంతటితో సరి. కానీ తాతయ్య విషయంలో దొరికిపోయిన దొంగ కదా, ఏ మొహంతో కాదంటాడు? "సరే పిన్నిగారూ" అన్న మాట పెదవుల దాకా వచ్చింది. ఇంతలో అమ్మ చెయ్యి కడుక్కుంది. ఖాళీ డబ్బాకి తువ్వాలు చుట్టి హ్యాండిలుకి తగిలించింది. వచ్చి క్యారియర్ మీద కూర్చుంది. "సముద్రం ఎక్కడికీ పోదు పిన్నీ. నేనే పోవాలి" అంది. పిలిచిన ఇంటికి అమ్మ రానని చెప్పడం నా జన్మలో అదే మొదటిసారి వినడం. సైకిలు స్టాండు మీదే ఉంది, నాన్న కదల్లేదు. "ఏమండీ, తొక్కుతారా, దిగి నడవమంటారా?" అంది.

పిన్ని వరస ముసలావిడ నొచ్చుకుంటుందనుకున్నాం. ఆవిడ అమ్మ వైపు కాసేపు చూసి, "నేనూ చూళ్లేదే అమ్మాయ్. ఎట్టా ఉంటదో, వచ్చేటప్పుడు నాకు చెప్పి పో" అంది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి కొత్తపట్నంలో సముద్రం చూశాం. నేనూ అక్కా అలల్లోకి పరిగెత్తాం, బోల్తాపడ్డాం, ఉప్పునీళ్లు తాగాం. పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు మా వంక ఒకసారి చూసి వాళ్ల పనిలో పడ్డారు. అమ్మ ఇసకలో కూర్చుంది. గంటసేపు ఒక్క మాట లేదు. నచ్చలేదేమోనని నాన్న పాపం చుట్టూ తిరుగుతున్నాడు. చివరికి అమ్మే, "ఏమండీ, ఇక్కడ మనకెవరూ లేరు కదా?" అంది. "ఎవరూ లేరు" అన్నాడు నాన్న. "అయితే ఇంకాసేపు కూర్చుంటా" అంది.

తిరిగొచ్చేటప్పుడు కల్లం దగ్గర మేమే ఆగాం. అమ్మ మిరపకాయల పక్కనే కూర్చుని, తుమ్ముతూనే, చేతులతో అలలు చూపించింది. "చెరువులాగే పిన్నీ, కానీ అవతలి గట్టు లేదు" అని చెప్పింది. ఆవిడ నోరు తెరుచుకుని వింది. ఇల్లు చేరేసరికి మా అరుగు మీద ఆరుగురు కూర్చుని ఉన్నారు. అస్థికల కబురు మాకంటే ముందే బస్సెక్కి వచ్చింది. పరామర్శకి వచ్చినవాళ్లందరికీ తాతయ్యే కుర్చీలు వేసి, మంచినీళ్లిచ్చి, "ఇంతకీ పోయిందెవరర్రా, నాకూ చెప్పండి" అని అడుగుతున్నాడట. ఆ తర్వాత నెల రోజులు ఆయన నాన్నతో మాట్లాడలేదు. పులిహోర మాత్రం ఎప్పుడు చేసినా రెండోసారి అడిగి వేయించుకునేవాడు.

నిరుడు మా ఆయనా, అమ్మాయీ, నేనూ కలిసి ఆ స్కాట్లండే వెళ్లాం. సైకిళ్లు అద్దెకి తీసుకున్నాం (సీట్లు తిరగలేదు). కొండల విషయంలో నాన్న లెక్క కరెక్టేనని నా మోకాళ్లు సాక్ష్యం చెప్పాయి. క్యాలెండర్లో ఉన్నట్టే పచ్చటి కొండలు, గొర్రెలు. ఒక మలుపులో గేటు దగ్గర ఒక పెద్దావిడ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి నవ్వి, ఎండ బాగా కాసిందన్నట్టు ఒక మాట అని లోపలికి వెళ్లిపోయింది. నేను ఒక కాలు నేల మీద ఆనించి అక్కడే నిలబడ్డాను. "ఎందుకాగావమ్మా?" అంది మా అమ్మాయి ముందు నుంచి. ఏం లేదన్నాను. ఆ సాయంత్రం అమ్మకి ఫోన్ చేస్తే, "ఎట్లా ఉందే?" అని అడిగింది. "బాగుందమ్మా. ఎవరింటికని ఒక్కరూ అడగట్లేదు" అన్నాను. "అదృష్టవంతురాలివి" అంది అమ్మ. ఆ గేటు దగ్గర పెద్దావిడ ఒక్కసారి అడిగితే బాగుండునని, ఒక గ్లాసు మజ్జిగ తెచ్చిస్తే ఇంకా బాగుండునని అంతసేపు నిలబడ్డానని మాత్రం అమ్మకి చెప్పలేదు.