పన్నెండో భాషలో అలారం

ముందే ఒప్పేసుకుంటున్నాను, ఏదైనా పెంచి చెప్పే జబ్బు నాకుంది. పిల్లిని చూసొచ్చి చిరుతపులి అంటాను (మా ఆవిడ అందులో సగం అక్కడికక్కడే కొట్టేసి, మిగిలినదాన్ని మళ్లీ రెండుతో భాగిస్తుంది). మీరూ అలాగే చేసుకుంటూ చదవండి. ఆ రోజుల్లో, అంటే దక్షిణాఫ్రికాలో అందరూ మొదటిసారి కలిసి ఓటేసి, కొత్త జెండా మీద రంగులింకా ఆరని రోజుల్లో, నేను హైదరాబాదు నుంచి ఒక సూట్‌కేసూ, దానికన్నా బరువైన గర్వమూ మోసుకుంటూ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో దిగాను. ఆ ఊళ్లో భారతీయులుండే రైస్‌థార్ప్ పేటలో అద్దె గది, ఊరి చివర మామిడి చట్నీ ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. మూడు నెలలు పరీక్షాకాలం. నెగ్గితే పర్మిట్‌కు ఉత్తరం ఇస్తారు, లేకపోతే తిరుగు విమానం ఎక్కిస్తారు.

పని చిన్నదే. ఆరు గంగాళాల్లో ఆవిరి వేడి మీద చట్నీ ఉడుకుతుంటుంది (ఒక్కోదాంట్లో ఏనుగు కాళ్లు చాపుకుని స్నానం చేయొచ్చు). ఫ్యాక్టరీ అంతా ఆంటీ అని పిలిచే ఒక పెద్దావిడ అరగంటకోసారి నిచ్చెనెక్కి, వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాసేది. ఇకమీదట ఆ పని పీఎల్‌సీ అనే బూడిదరంగు పెట్టె చేయాలి. సెన్సర్ల నుంచి పది సెకన్లకోసారి కొలతలు లాక్కుని ప్రింటరు మీద అచ్చువేయాలి, తేడా వస్తే అలారం కొట్టి, ఏం తేడానో ఒక ముక్కలో చెప్పాలి. ఆ ముక్కలే నా కొంప ముంచాయి. ఒక్కణ్నే కూర్చుని పరీక్షించేటప్పుడు, ఊసుపోక, అలారాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు తిట్లుగా కొట్టిపెట్టాను. వైరు తెగితే "సచ్చావురా", గంగాళం అడుగంటితే "ఓరి ఎదవా, మాడింది", ఇలా మొత్తం పదకొండు. ఇక్కడి తెలుగువాళ్లంతా ఎప్పుడో చెరుకు తోటలకొచ్చినవాళ్ల మునిమనవలు, ఇంగ్లీషే మాట్లాడతారు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. తర్వాత మార్చడం శుభ్రంగా మరిచిపోయాను.

మేనేజరు చూడటానికొచ్చిన రోజున, సరిగ్గా ఆయన ప్రింటరు ముందు నిలబడగానే, రెండో గంగాళం అడుగంటింది. అలారం మోగింది (డర్బన్ రేవులో ఓడలు ఉలిక్కిపడ్డాయి). కాగితం నిండా, గంగాళం నంబరు పక్కన, "ఓరి ఎదవా, మాడింది" అని ఏడుసార్లు పడింది. ఆయన కళ్లద్దాలు సవరించుకున్నాడు. కొత్త ప్రభుత్వం పదకొండు భాషలను అధికార భాషలు చేసింది. వాటిలో ఆయనకొచ్చినవి రెండే, ఆ సంగతి నలుగురిలో బయటపడటం ఆ రోజుల్లో బొత్తిగా మర్యాద కాదు. అందుకని గొంతు తగ్గించి, "ఇది వెండా భాషేనా?" అని అడిగాడు. నా తల నన్నడక్కుండానే ఊగింది.

ఆయన మురిసిపోయి, కొత్త దేశంలో యంత్రాలు కూడా అందరి భాషలూ మాట్లాడాలని చిన్న ఉపన్యాసమిచ్చి (గంటన్నర), అయితే నడిపేవాళ్లకు అర్థం కావాలి కదా అని ఆంటీని పిలిపించాడు. ఆవిడకు అర్థమైతే నా ఉత్తరం మీద సంతకం, కాకపోతే లేదు. ఆవిడ చర్చిలో వాక్యం చదివినట్టు వేలుపెట్టి, పెదాలు కదుపుతూ చదివింది. నేను మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను.

"రెండోది మాడుతోంది సార్," అంది ఇంగ్లీషులో. "అంత స్పష్టంగా చెబుతోంటే అర్థం కాకపోవడమేంటి? ఒక్క ముక్క కూడా మార్చనివ్వకండి."

వెళ్లి ఆవిరి కట్టేసి వచ్చింది. మేనేజరు సంతకం పెట్టేసి వెళ్లాడు. ఆయన అటు తిరగ్గానే ఆవిడ నా చెవి పుచ్చుకుంది.

"ఏయ్ సచ్చినోడా, సిగ్గు లేదు నీకు? మా అవ్వ ఉంటే నీ వీపు ఫినిష్."

ఆవిడకు ప్రార్థన ఇంగ్లీషైపోయిందట, వంట సగం తెలుగుగా మిగిలిందట, తిట్లు మాత్రం చెక్కు చెదరలేదట. ఆ తర్వాత నెల తిరక్కుండానే జూలూ వంటవాళ్లు కూడా అలారం మోగితే "ఎదవా" అని ఒకరినొకరు పిలుచుకుంటూ ఆవిరి కట్టడానికి పరుగెత్తేవారు.

ఇక, ఇందులో నేను కల్పించిందేదో చెప్పేస్తాను. వెండా నిజం, ఏడుసార్లు నిజం. చెవి పుచ్చుకోవడం మాత్రం అబద్ధం. నలుగురిలో చెప్పేటప్పుడు తిట్లు తిన్నట్టుంటేనే బాగుంటుందని అలా అలవాటైంది. నిజానికి ఆవిడ నన్ను పక్కకు పిలిచి, వచ్చీరాని తెలుగులో మెల్లగా, "మా అవ్వ పోయె. మళ్లీ ఎవరూ నన్ను ఇట్ల పిలవలా," అంది. మిగతా పదీ పైకి చదవమంది. అప్పుడే ఉద్యోగం దక్కిన ఆ గర్విష్ఠి కుర్ర ఇంజనీరు గంగాళాల మధ్య నిలబడి, ఒక పెద్దావిడను పది రకాలుగా, ఎక్కడా తడబడకుండా తిట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని వింది.

ఎనిమిదోది మళ్లీ చదవమంది.