ఎనుక సీట్ల ఫ్రాన్స్, అమెరికా

ఖతర్‌ల ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు కడుతున్న రోజులల్ల నేను కంపెనీ డ్రైవర్‌ను. పొద్దుగాల్నే ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే ఏరియాల ఉండే ఇద్దరిని సైట్‌కు తీసుకపోవుడు నా డ్యూటీ. ఫ్రాన్స్ మేడం ఇంజనీరు. అమెరికా సార్ సేఫ్టీ చూసేటాయన. ఎనుక సీట్ల ఇద్దరూ ఇంగ్లీషుల వాదించుకుంటుంటే, వినంగ వినంగ నాకూ అర్థమైతుండె.

మీరు న్యూయార్క్‌ల నిలబెట్టుకున్న పెద్ద విగ్రహం మేమిచ్చిందే అని ఆమె ఆటపట్టిచ్చేది. యుద్ధంల మీ కోసం సచ్చిన మా పోరగాళ్ల సమాధులు మీ సముద్రం ఒడ్డునే ఉన్నయని ఆయన మెల్లగ అనేటోడు. అటెన్క ఇద్దరూ మళ్ల సైట్ ముచ్చట్లల్ల పడేటోళ్లు.

ఒక ఎండాకాలం సార్ పనోళ్లందరినీ నిలబెట్టి, ప్రమాదం కనవడితే ఎవరైనా పని ఆపొచ్చని చెప్పిండు. మనోళ్లకు అదే మాట నేను తెలుగుల చెప్పిన. జగిత్యాల దిక్కు అన్న ఒకాయన, ఆపితే ఇంటికి పంపియ్యరా అని అడిగిండు.

"ధైర్యంగ ఆపు. నీ ఎనుక నేనుంట," అన్నడు సార్.

కారెక్కినంక మేడం ఊకోలే. "రేపు నువ్వు మీ దేశం పోతవు. అప్పుడు ఆయన ఎనుక ఎవరుంటరు? రూలు పెట్టియ్యి," అన్నది. అన్నిటికీ రూలంటే మనిషి సొంతంగ ఆలోచన చేసుడే మరుస్తడని సార్ అన్నడు. దారి పొడుగూతా అదే లొల్లి. తెల్లారి మాత్రం ఇద్దరూ కలిసే మేనేజర్ దగ్గరికి పోయిండ్రు. పని ఆపినోళ్లను తీసెయ్యొద్దని రూలు వడ్డది. మేడం పట్టువట్టి, పనోళ్లు నిమ్మళంగ కూసోని తినెతందుకు ఏసీ షెడ్డు గూడ ఏయించింది.

కొన్నాళ్లకు అదే అన్న, క్రేన్‌కు కట్టిన పట్టీ తెగేటట్టున్నదని చెయ్యెత్తి పని ఆపిండు. ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది కానియ్యి అనుకుంట మీదికొచ్చిండు. అన్న కదల్లే. సార్ ఉరికొచ్చి పట్టీ చూసి, అందరి ముంగట అన్నకు చెయ్యి కలిపిండు. మేడం గొంతు పెంచకుంటనే ఫోర్‌మన్‌కు రూలు యాది చేసింది. కొత్త పట్టీ వచ్చినంకనే క్రేన్ బరువు లేపింది. గంత మందిల అన్న తలెత్తుకొని నిలబడ్డది చూసి నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఆ శుక్రవారం ఫోన్‌ల మా ఇంటామె, దుబాయ్‌ల ఎట్లున్నవని అడిగింది. మా ఊరోళ్లకు గల్ఫ్ అంటే అంత దుబాయే, ఇది ఖతర్ అని దిద్దలే. మంచోళ్లను కార్ల తిప్పుతున్ననని చెప్పిన.