అత్తకు అరవై నాలుగు చుక్కలు

కాజీపేట రైల్వే క్వార్టర్ ముందుగదిలో ఆదివారం మధ్యాహ్నాలు ఉండేవి ఇవి: చెక్క తలుపుల పెట్టెలో నలుపు తెలుపు టీవీ, దాని కింద స్టెబిలైజర్, రబ్బరు బటన్లున్న చిన్న కంప్యూటర్, మూత ఊడిన టేప్ రికార్డర్, ఒక క్యాసెట్, గళ్ల కాగితాలు, పెన్సిల్, స్టీలు పళ్లెంలో వేయించిన పల్లీలు. మనుషుల్లో నా మిత్రుడు, నేను, గుమ్మం దగ్గర కూర్చుని చాటలో బియ్యం ఏరుకునే అతని మేనత్త. పక్కగదిలో మిత్రుడి నాన్న కూడా ఉండేవారు గానీ నిద్రలో ఉండేవారు కాబట్టి ఆయనను ఈ జాబితాలో చేర్చడం లేదు.

ఆయన గూడ్స్ బండి డ్రైవర్. రాత్రి డ్యూటీ చేసి తెల్లవారి ఇల్లు చేరి, సాయంత్రం దాకా పడుకునేవారు. ఆ ఇంట్లో పగటి పూట గట్టిగా మాట్లాడకూడదన్నది అందరికీ తెలిసిన నియమం. కంప్యూటర్‌కు సొంతంగా చిన్న స్పీకర్ ఉండేది, దాన్ని ఆపే వీలు లేదు. అందుకని దాని వెనక భాగం మీద తువ్వాలు మడిచి కప్పేవాళ్లం. ఆట గెలిచినా ఓడినా అరుపులు ఉండవు. మోకాళ్లు చరుచుకోవడమే.

ఎనభైల రెండో సగం అది. మేమిద్దరం ఇంజనీరింగ్ చదువుతున్నాం. నేను హనుమకొండ నుంచి సైకిల్ మీద వచ్చేవాణ్ని. కంప్యూటర్‌ను దుబాయిలో పనిచేసే మిత్రుడి బావ సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చాడు. దానితోపాటు ఆటల క్యాసెట్లు తేలేదు, దాన్ని ఎలా వాడాలో చెప్పే పుస్తకం ఒక్కటే తెచ్చాడు. ఆ పుస్తకం చదివి మేమే ఒక ఆట రాసుకున్నాం.

ఆట ఇది. తెర మీద కింది నుంచి పైకి ఎనిమిది రైలు పట్టాలు. వాటి మీద అటూ ఇటూ బండ్లు పోతుంటాయి. బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఒకడు చేతిలో టిఫిన్ క్యారియర్ పట్టుకుని కింద నిలబడి ఉంటాడు. బండ్ల మధ్య సందు చూసుకుని పట్టాలన్నీ దాటి, పైన ఉన్న సిగ్నల్ క్యాబిన్‌లో క్యారియర్ అందించాలి. అందిస్తే పది పాయింట్లు. బండి తగిలితే ఒక ప్రాణం పోతుంది. మొత్తం ప్రాణాలు మూడు. చివర్లో మొదటి ఐదు స్కోర్ల పట్టిక వస్తుంది. పట్టికలో పేర్లు రాయడానికి జాగా దండగని, ఆడిన బొమ్మను, దాని పక్కన అంకెను మాత్రం చూపించేవాళ్లం.

ఆ రోజుల్లో ప్రోగ్రాములను కూడా పాటల్లాగే క్యాసెట్ మీద రికార్డు చేసేవాళ్లు; మా క్యాసెట్ ‘ఎ’ వైపున ఈ ఆట ఉండేది. ‘బి’ వైపు ఖాళీగా ఉండటం నా మిత్రుడికి నచ్చలేదు. అందులో ఇదే ఆటను ఇంకొందరు మనుషులతో నింపుదామన్నాడు. ఆట మొదలవగానే ఎవరు కావాలో అడుగుతుంది, నంబరు నొక్కి ఎంచుకోవచ్చు. ఒకటి పాయింట్స్‌మన్, రెండు డ్రైవర్, మూడు టీసీ, నాలుగు పల్లీలమ్మే మనిషి.

నేను వద్దన్నాను. నా వాదన సాంకేతికమైనది. ఒక బొమ్మ అంటే ఎనిమిది వరుసలు, వరుసకు ఎనిమిది చుక్కలు. మొత్తం అరవై నాలుగు చుక్కల్లో ఏవి వెలగాలో, ఏవి ఆరిపోవాలో వరుసకొకటిగా చెప్పే ఎనిమిది అంకెలు మారతాయి, అంతే. పట్టాలు అవే, బండ్లు అవే, సందులు అవే. టోపీ మారినంత మాత్రాన ఆట మారదు. పైగా కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా కంప్యూటర్ జ్ఞాపకశక్తి, అంటే మెమరీ, తరిగిపోతుంది. అప్పటికే తరుగుతోంది.

"నువ్వు ఆటను చూస్తున్నవ్‌రా. నేను ఆడెటోణ్ని చూస్తున్న" అన్నాడు మిత్రుడు.

నేను పని మొదలుపెట్టాను. గళ్ల కాగితం మీద చుక్కలు నింపడం నా వంతు. టీసీ నల్లకోటు బాగా కుదిరింది గానీ అతని ఆట పాయింట్స్‌మన్ ఆటే. పల్లీల మనిషికి నెత్తిన గంప ఉంటుంది కాబట్టి మిత్రుడు అతన్ని నెమ్మదిగా నడిపించాడు. నెమ్మదిగా నడిచేవాణ్ని ఎవరు ఎంచుకుంటారని అడిగాను. వాడే ఎంచుకున్నాడు. గంప మోస్తున్నట్టు భుజాలు వంచి, నాలుక బయటపెట్టి ఆడేవాడు.

డ్రైవర్ దగ్గర గొడవ వచ్చింది. ఆ ఆదివారం మిత్రుడు రెండో నంబరు నొక్కి ఆడుతున్నాడు. అత్త చాట పక్కన పెట్టి టీవీ దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా దూరం నుంచే చూసేది. ఆ బొమ్మ ఎవరో అడిగింది. మిత్రుడు చెప్పాడు. అదే క్షణంలో ఐదో పట్టా మీద డ్రైవర్‌ను బండి గుద్దింది, బొమ్మ అడ్డంగా పడింది, ప్రాణం పోయినప్పుడు మోగే పాట తువ్వాలు కింద నుంచి సన్నగా వినిపించింది.

అత్త ముఖం మారిపోయింది. పక్కగది తలుపు వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత మమ్మల్ని చూసింది.

"ఇంట్ల మనిషి పొద్దుగూకితె బండెక్కి పోతాండు. ఆయన బొమ్మను బండి కింద ఎయ్యబుద్ధి ఎట్లయిందిరా మీకు?"

మాకు నిజంగా తట్టలేదు. మేము పట్టాలు చూశాం, చుక్కలు చూశాం, అంకెలు చూశాం. ఆ ఇంట్లో అన్నం గిన్నెకు మూత పెట్టి ఎదురుచూసేది ఆ మనిషి కోసమేనని ఆట రాసేటప్పుడు గుర్తుకు రాలేదు. మిత్రుడు వెంటనే డ్రైవర్‌ను తీసేశాడు. ఆ పాత క్యాసెట్ మీద కొత్తది రికార్డు చేసి, తీసేసినట్టు అత్తకు చూపించాడు. రెండో నంబరు ఖాళీ అయింది.

ఇక్కడ అత్త గురించి చెప్పాలి. ఆమెది స్టేషన్ ఘన్‌పూర్. పెనిమిటి పోయాక తమ్ముడు, అంటే మిత్రుడి నాన్న, వెళ్లి తీసుకొచ్చారు. ఆ ఇంట్లో ఆమెను ఒక్క మాట అన్నవాళ్లు లేరు. బరువు ఎత్తబోతే అందుకునేవాళ్లు. ఏదైనా విషయం మాట్లాడుకుంటుంటే మధ్యలో ఆమె నోరు తెరిస్తే, నీకెందుకత్తా ఫికర్, నువ్వు కూసో అనేవాళ్లు. అది ప్రేమతో అనే మాటే. నేను కూడా అన్నాను. నాకూ ఆమె అత్తే, నన్నూ అల్లుడా అనే పిలిచేది.

డ్రైవర్‌ను తీసేసిన మరుసటి వారం ఆమె చాట తెచ్చుకోలేదు. ఉత్త చేతులతో వచ్చి కూర్చుంది. కాసేపు చూసి, ఆ ఖాళీ నంబరులో ఎవరిని పెడతారని అడిగింది. ఇంకా అనుకోలేదన్నాం.

"నన్ను వెట్టుండ్రి" అంది.

మిత్రుడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. మరి క్యారియర్ కట్టేది నేనే కదా, అందించడానికి మళ్లీ ఆ పాయింట్స్‌మన్ ఎందుకు అంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాగితం తీశాను. చీర కుచ్చిళ్లకు కింది రెండు వరుసలు పట్టాయి. క్యారియర్‌కు కుడివైపు మూడు చుక్కలు. ఆమె నా భుజం మీదుగా తొంగి చూసి, కొప్పు ఏదిరా అంది. తల వెనక చుక్క పెట్టడానికి జాగా లేదు. క్యారియర్‌ను ఒక చుక్క తగ్గించి, తలను పక్కకు జరిపి కొప్పు పెట్టాను. చిన్నగుందంది. నా కొప్పు గింతేనా అంది. ఇంకో చుక్క ఇవ్వలేనని చెప్పడానికి చాలా సేపు పట్టింది.

బొమ్మ తయారయింది. అప్పుడు మిత్రుడు నన్ను అవతలికి తీసుకెళ్లి ఒక మాట చెప్పాడు. డ్రైవర్ పడితేనే అంత బాధపడింది, ఇక తన బొమ్మే బండి కింద పడితే ఎలా? అదీ ఇంట్లో, మన చేతులతో? నాకూ మనసొప్పలేదు. ప్రోగ్రామ్‌లో ఒక వరుస కలిపాం. ఆడుతున్నది రెండో నంబరు అయితే బండి తగిలినా తగలనట్టు దాటిపో అని దాని అర్థం. ఆమె స్కోరు పట్టికలోకి ఎక్కకుండా ఇంకో వరుస నేను కలిపాను. చావు లేని మనిషి స్కోరును చచ్చేవాళ్ల స్కోర్లతో పోల్చకూడదు కదా. అది నాకు న్యాయంగానే తోచింది.

అత్తకు ఏ బటన్ పైకో, ఏది పక్కకో నేర్పాం. మొదటి ఆట బాగా సాగింది. బొటనవేలితో కాకుండా చూపుడువేలితో, పచ్చిమిరపకాయ గిచ్చినట్టు నొక్కేది. బండి వస్తుంటే తానే పక్కకు ఒరిగేది. క్యాబిన్ చేరిన ప్రతిసారీ పక్కగది వైపు చూసి గొంతు తగ్గించుకుని, ఇచ్చిన్రా క్యారియర్, ఇచ్చిన అని చెప్పేది. నూరు దాటింది, నూటయాభై దాటింది. మేము పల్లీలు తింటూ చూస్తున్నాం. ఆమె ఆపితే తప్ప ఆట ఆగదు.

మధ్యలో ఒకచోట ఆమె చేయి ఆగింది. బొమ్మ పట్టా నడుమ నిలబడి ఉంది. బండి వచ్చింది, బొమ్మ మీదుగా వెళ్లిపోయింది. కొప్పు చెక్కుచెదరలేదు. ఇంకో బండి వచ్చింది. అదీ పోయింది.

అత్త చేయి వెనక్కి తీసుకుంది. ఆట ముగించి పట్టిక చూపించమంది. చూపించాం. పాయింట్స్‌మన్, టీసీ, పల్లీల మనిషి, మళ్లీ పాయింట్స్‌మన్లు ఇద్దరు.

"నాదేది ఇందుల?"

"నీది లెక్కకు రాదత్తా" అన్నాడు మిత్రుడు. "నువ్వు చావవు గదా."

ఆమె పట్టికను పైనుంచి కిందికి మళ్లీ చూసింది. ఆ తర్వాత అంది.

"అంటె నేను ఆటల అరటిపండునన్నట్టు."

మా వాడకట్టుల్లో పిల్లలు దొంగాట ఆడేటప్పుడు మరీ చిన్నవాడు ఏడిస్తే వాణ్ని కూడా కలుపుకుంటారు. వాడు పరుగెత్తవచ్చు, దాక్కోవచ్చు, అరవవచ్చు. పట్టుకున్నా ఔట్ కాడు, దొంగ కాడు. వాణ్ని అరటిపండు అంటారు. ఆ పిల్లవాడికి తాను అరటిపండునని తెలియనంతసేపే ఆ పండు తీపి. నాలుగేళ్ల వయసులో నేనూ అరటిపండునే. తెలిసిన రోజు నేను చేసిన పని ఇంటికి వెళ్లిపోవడం.

అత్త కూడా వంటింట్లోకి వెళ్లిపోయింది. కోపం చూపించలేదు. మాకు చాయ తెచ్చి ఇచ్చింది, ఎప్పటిలాగే నా గ్లాసులో చక్కెర ఎక్కువ వేసింది. టీవీ వైపు మాత్రం చూడలేదు. తర్వాతి ఆదివారం చాట తెచ్చుకుని గుమ్మం దగ్గరే, వీపు మా వైపు పెట్టి కూర్చుంది. మిత్రుడు రెండుసార్లు పిలిచాడు. బియ్యంల రాళ్లున్నయి బిడ్డా అంది. ఆ వారం బియ్యం శుభ్రమైనవి.

మేమిద్దరం గొంతు తగ్గించి వాదించుకున్నాం. ఆశ్చర్యమేమంటే ఈసారి వాదనలు తారుమారయ్యాయి. అదనపు మనుషులు కావాలన్న మిత్రుడు, అత్త బొమ్మను తీసేద్దాం, గొడవ వదులుతుంది అన్నాడు. వద్దన్న నేను, ఉంచాలన్నాను. అప్పటికి నాకు కొంత లెక్క తేలింది. టీసీ దండగ. అతనుగా ఆడాలని ఎవరికీ లేదు, అతనిలో తేడా కూడా లేదు. పల్లీల మనిషి పనికొస్తాడు, ఎందుకంటే గంప బరువు ఆడేవాడి వేళ్లకు తెలుస్తుంది. అత్త బొమ్మలో అలాంటి తేడా ఏమీ లేదు, కొప్పు తప్ప. కానీ ఆ బొమ్మగా ఆడాలని కోరిన మనిషి ఇంట్లో ఉంది. ఆ ఒక్క కారణం చాలు. అది చాలకుండా చేసింది మేము కలిపిన రెండు వరుసలు.

ఆ రెంటినీ కొట్టేశాను. కొట్టేశాక జ్ఞాపకశక్తి కొంచెం పెరిగింది కూడా.

ఆ తర్వాత గుమ్మం దగ్గరికి వెళ్లి, చాటకు ఇవతల కూర్చుని, అత్తా, ఇప్పుడు నువ్వు కూడా చస్తవు అని చెప్పాను. ఇంత అమంగళమైన మాట పెద్దవాళ్లతో నేను అంతకుముందు అనలేదు, తర్వాత అనలేదు. ఆమె చేతిలోని గింజలు చాటలో వదిలింది.

"ఒట్టు?"

"ఒట్టు."

"మొన్న డ్రైవర్ పడితె అంత బాధపడితివి" అన్నాడు మిత్రుడు, ఇంకా మనసొప్పక.

"గాయన బండి నడిపెటోడు. నేను ఆడెదాన్ని" అంది అత్త. "జర జరుగు."

మిత్రుడు జరిగాడు. ఆమె టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని రెండో నంబరు తానే నొక్కింది. బొమ్మ కింద నిలబడింది. ఆమె దాన్ని మొదటి పట్టా మీదికి ఎక్కించి అక్కడే ఆపింది. ఎడమ వైపు నుంచి బండి వస్తోంది. అత్తా బండి అన్నాడు మిత్రుడు. ఆమె వేలు కదల్లేదు. బండి వచ్చి గుద్దింది. కొప్పు, కుచ్చిళ్లు, క్యారియర్ అన్నీ అడ్డంగా పడ్డాయి. తువ్వాలు కింద పాట మోగింది.

అత్త ముఖం విచ్చుకుంది.

"సచ్చింది" అంది తృప్తిగా. "ఇగ ఆడుదాం."

పరీక్షకు ఒక ప్రాణం పోయింది కాబట్టి మిగిలిన రెంటితో ఆడింది. ఈసారి ఒరగడాలు ఎక్కువ, మాటలు తక్కువ. సందు దొరికేదాకా ఒక పట్టా దగ్గరే ఆగి చూసేది, మేమెప్పుడూ అంత ఓపిక పట్టలేదు. రెండో ప్రాణం ఏడో పట్టా మీద పోయింది. ఆమె నా మోకాలి మీద గట్టిగా ఒకటి చరిచింది. మూడోది చాలా సేపు నిలిచింది. అంతలో పక్కగది తలుపు తెరుచుకుని మిత్రుడి నాన్న కళ్లు నులుముకుంటూ వచ్చి, ఏందక్కా, నువ్వు ఆడుతున్నవా అన్నారు. నీకెందుకక్కా గివన్ని అనబోయి, ఆమె ముఖం చూసి ఆగారు. వెనకే నిలబడి చూశారు. అప్పుడే ఆఖరి బండి తగిలింది.

పట్టిక వచ్చింది. అప్పటిదాకా ఐదో వరుసలో అరవై ఉండేది. ఆ వరుస చెరిగి, కొప్పున్న బొమ్మ వచ్చి కూర్చుంది. దాని పక్కన డెబ్బై.