రేడియేటరు జాలీలో దొరికిన రెక్కలు

మా నాన్న లారీ నడిపేవారు. వానలు తగ్గాక పత్తి లోడు విజయవాడలో దించి వస్తే, రేడియేటరు జాలీకి సీతాకోకచిలుకలు అంటుకుని ఉండేవి. స్కూలు ఫైనలు అయ్యాక నేను గుమ్మం దాటేదాన్ని కాదు. అందుకని బాగున్న రెక్కలు ఏరి, అగ్గిపెట్టెలో తెచ్చి ఇచ్చేవారు. డైరీలో అతికించుకునేదాన్ని. ఆ ఏడాది తెచ్చినవాటిలో చిరిగినవే ఎక్కువ. ఎందుకో ఆలోచించలేదు.

నారింజరంగువన్నీ ఒకటే జాతి అనుకునేదాన్ని. తెప్పించుకున్న లైబ్రరీ పుస్తకం చూశాక తెలిసింది, రెండని. రెంటికీ ముందు రెక్క కొస నలుపే, అందులో తెల్లపట్టీ. వెనక రెక్కలో ఉంది తేడా. ఒకదానికి మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలు, రెండోదానికి పై అంచున ఒక్కటే. మొదటిది చేదని పిట్టలు ముట్టవు. రెండోది దాని వేషంలో బతికేస్తుంది.

మధ్యాహ్నం నమాజు చేసుకొచ్చి నాన్న వసారాలో కూర్చుంటే డైరీ చూపించాను.

"ఈ రెంటికీ తేడా ఏంటో చెప్పండి."

దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు. "రెండూ ఒకటేగా. నాకే పరీక్ష పెడుతున్నావా?"

"చుక్కలు చూడండి."

"ఏ చుక్కలు?"

వంటింట్లోంచి అమ్మ నవ్వింది. "అన్నంలో రాయే కనపడదు ఆయనకి, నీ పురుగుల చుక్కలు కనపడతాయా!"

నాకు నవ్వు రాలేదు. రోడ్డవతల బస్సు ఆగింది. "అదెక్కడి బస్సు నాన్నా?"

"విజయవాడ," అన్నారు తడుముకోకుండా. రోజూ ఆ వేళకి వచ్చేది అదే. ఆరోజు బోర్డు మీద నెమలి అని వేరే ఊరి పేరు ఉంది, పెద్ద అక్షరాలతో.

బోర్డు చదివి చెప్పాను. నాకు తెలిసిపోయిందని ఆయనకి అర్థమైంది. గొంతు తగ్గించి, "రోడ్డంతా నాకు కంఠతా వచ్చమ్మా. మీ అమ్మకి చెప్పకు," అన్నారు.

మర్నాడు తెల్లవారుజామునే లోడు. మంచు కురిసే రోజులు. రోడ్డయితే కంఠతా వస్తుంది, రోడ్డు దాటే మనిషి కంఠతా రాడు కదా.

అన్నాల దగ్గర చెప్పేశాను. ఎప్పుడూ పెద్దగా నోరు విప్పనిదాన్నే. "నాన్నకి బస్సు బోర్డు కనపడటం లేదమ్మా. రేపు వెళ్ళనివ్వకు."

నాన్న చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి లేచారు.

లారీని వేరే డ్రైవరు తీసుకెళ్ళాడు. శుక్లాలన్నాడు డాక్టరు. ఆపరేషనయింది, సోడాబుడ్డి కళ్ళద్దాలు వచ్చాయి, స్టీరింగు మాత్రం మళ్ళీ ఆయన చేతికి రాలేదు. నాతో మాటలూ చాలా తగ్గించేశారు.

ఒకరోజు డైరీ అడిగారు. ఎండలో కూర్చుని ఒక్కో పేజీ తిప్పారు. చుక్కలమీద వేలు పెట్టి లెక్కపెట్టారు.

"ఇవన్నీ నా బండికి తగిలినవేనా?"

తలూపాను.

"వీటితోనే పోయిందిలే, మనుషుల దాకా రాలేదు," అని డైరీ నా చేతికిచ్చారు.